ట్రెజరీ బిల్లా, బ్యాంకు ఎఫ్‌డీనా?

గాజువాకలో స్టీల్ ప్లాంటు నుంచి రిటైరైనవాళ్లు చేతికొచ్చిన డబ్బును ఎక్కువగా బ్యాంకు ఎఫ్‌డీలోనే వేస్తుంటారు. ట్రెజరీ బిల్లు సంగతి కూడా వాళ్లకు తెలియాలి.

అది కేంద్ర ప్రభుత్వం తీసుకునే స్వల్పకాలిక అప్పు. గడువు 91, 182 లేదా 364 రోజులు. వడ్డీ విడిగా రాదు. ఉదాహరణకు 100 రూపాయల బిల్లును 98.50కి కొంటే, గడువు తీరాక 100 చేతికొస్తుంది. ఆ తేడాయే లాభం. మామూలు జనం ఇలాంటి బిల్లుల్ని నేరుగా కొనుక్కునేందుకు రిజర్వ్ బ్యాంకు 2021లో తెచ్చిన రిటైల్ డైరెక్ట్ పథకంలో ఖాతా ఉచితం, 10,000తో మొదలుపెట్టొచ్చు.

అసలు తేడా భద్రతలో ఉంది. ఎఫ్‌డీకి బీమా ఒక బ్యాంకులో ఒకరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే. బిల్లు మొత్తానికీ కేంద్రానిదే పూచీ. చిన్న సహకార బ్యాంకులో జీవితకాలపు పొదుపంతా పెట్టేవాళ్లు ఇది తప్పక ఆలోచించాలి.

నెలనెలా ఇంటిఖర్చుకు వడ్డీ కావాలంటే మాత్రం ఎఫ్‌డీయే మేలు. ఆసుపత్రి ఖర్చు వచ్చినా, కొంత వడ్డీ వదులుకుని మామూలు ఎఫ్‌డీని మధ్యలో తీసేయొచ్చు. బిల్లు అమ్మాలంటే కొనేవాళ్లు దొరకాలి. పన్ను రెండింటికీ స్లాబు ప్రకారమే.

అమ్మాయి పెళ్లి ఏడెనిమిది నెలల్లో ఉంటే, ఆ డబ్బుకు నేను 182 రోజుల బిల్లే చెబుతాను.