పాత ఇంటి కొలతలు: టేపు మేలా, లేజర్ స్కాన్ మేలా?

కోనసీమలో మా తాతగారి మండువా ఇల్లు బాగుచేయించాలనుకున్నప్పుడు మొదటి తర్జనభర్జన కొలతల దగ్గరే వచ్చింది. లేజర్ స్కాన్ చేయించాలా, టేపు పట్టుకుని కొలిచి కాగితం మీద గీయించాలా? ఫొటోలు చాలవా అన్నవాళ్ళూ ఉన్నారు. చాలవు. దూలం గోడలోకి ఎంత దిగిందో ఫొటో చెప్పదు.

చెయ్యి అందని చోట స్కానర్‌కు తిరుగులేదు. మండువా వైపు వాలే పెంకుల కప్పు, వంగిన వాసాలు, ఒరిగిన స్తంభం, అన్నిటినీ లేజర్ కిరణంతో కొలిచి లక్షల చుక్కలుగా పట్టేస్తుంది. స్తంభం ఎంత ఒరిగిందో కూడా లెక్క తేలుతుంది. అయితే దానికి కనిపించేది పైపైనే. సున్నం వెనక ఇటుక ఉందా మట్టి ఉందా, దూలాన్ని చెద ఎంత లోతుకు తిన్నది, ఇవి దానికి తెలియవు.

టేపుతో పని నిదానం. గోడల పొడవులే కాదు, మూల నుంచి ఎదురు మూలకూ రెండు వైపులా కొలవాలి; గది మూలమట్టంగా ఉంటే ఆ రెండూ సమానంగా రావాలి. మా పడమటి గదిలో ఆ రెండు కొలతలకూ 4 అంగుళాల తేడా వచ్చింది. ఎందుకా అని ఒక మూల సున్నం గీకి చూస్తే, అక్కడ ఇటుక సైజే వేరు. ఆ గోడ తర్వాత కట్టిందన్నమాట! ఇంట్లో పుట్టి పెరిగిన మా నాన్నగారికే ఆ సంగతి తెలియదు. దూలం అతుకు దగ్గర వడ్రంగి వేలు పెట్టి తడిమి, "ఇక్కడ ఇనప మేకు లేదండీ, కర్ర చీల కొట్టారు" అన్నాడు. అదీ డ్రాయింగ్‌లోకి ఎక్కింది.

పారిస్‌లోని నోత్రదామ్ చర్చికి రెండూ అక్కరకొచ్చాయి. 2010లో ఆండ్రూ టాలన్ అనే కళా చరిత్రకారుడు చేసిన లేజర్ స్కాన్‌లో వంద కోట్లకు పైగా చుక్కలున్నాయి. 2014లో రెమి ఫ్రోమాన్, సెడ్రిక్ ట్రాంట్‌సో అనే ఆర్కిటెక్టులు పైకప్పు కలపను దగ్గరుండి కొలిచి గీశారు. 2019 ఏప్రిల్ 15న ఆ కలప కాలిపోయాక, మళ్ళీ కట్టిన వడ్రంగులకు ఆ డ్రాయింగులు ఎంతగానో పనికొచ్చాయి.

కప్పు ఎక్కితే కూలేలా ఉంటే ముందు స్కానే చేయించండి, ప్రాణం ముఖ్యం. లేదూ, రెంటిలో ఒకదానికే డబ్బుందంటే నా ఓటు టేపుకే.

కానీ ఏది ఎంచుకున్నా, పని అయ్యాక మార్పులు రాసిపెట్టడం మానొద్దు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, నాకు బాధనిపించేది అదే. మేం ప్రతి వాసానికీ నంబరు వేశాం. ప్లాన్ మీద ఎర్ర సిరాతో "ఉత్తరం వసారా, 7వ వాసం, కొత్త టేకు" అని, పక్కన తేదీ. ఒక కాపీ ఇంట్లో చెక్కపెట్టెలో ఉంది, ఇంకోటి హైదరాబాద్‌లో మా తమ్ముడి దగ్గర.