స్టేషన్లో ఒంటరి పిల్లాడు: మనమే ఇంటికి పంపాలా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలా?

ఒడిశాలోని బరంపురం స్టేషన్లో కుళాయి పక్కన ఓ పిల్లాడు. స్కూల్ బ్యాగులో పుస్తకాల్లేవు, రెండు చొక్కాలున్నాయి. అడిగితే తెలుగులోనే "మాది పలాస" అన్నాడు.

ఖర్చు: పంపాలంటే టికెట్ డబ్బులు. 1098కి కాల్ ఉచితం, 24 గంటలూ.

శ్రమ: రైలెక్కించడం పది నిమిషాల పని. ఫోన్ చేస్తే వాళ్లొచ్చేదాకా పక్కన కూర్చోవాలి. ఇడ్లీ పెట్టించి తెలుగులో మాట్లాడుతుంటే చాలు, ఒడియా రాని పిల్లాడికి అదే కొండంత ధైర్యం.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. ఇంట్లో దెబ్బలు తట్టుకోలేక వచ్చేశాడేమో, పనికి తీసుకెళ్తున్నవాళ్ల నుంచి తప్పించుకున్నాడేమో మనకేం తెలుసు? ఎక్కించినా తర్వాతి స్టేషన్లో దిగిపోవచ్చు. 1098కి గానీ రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌కి గానీ అప్పగిస్తే, 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఇంటికి పంపడం క్షేమమేనా అన్నది వాళ్లు విచారిస్తారు. ఇలాంటి పిల్లల గురించి తెలియజేయడం మన చట్టబద్ధ బాధ్యత కూడా.

అమ్మానాన్న ఆ స్టేషన్లోనే ఉండి తప్పిపోయినవాడైతే ఆర్పీఎఫ్ దగ్గరికెళ్లి మైకులో చెప్పించండి. నడుస్తున్న రైల్లో కనిపిస్తే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చేయండి. ఒంటరిగా వచ్చినవాడైతే మాత్రం టికెట్ కొనొద్దు, 1098కే చేయండి.