ఎస్‌డీఎల్ 3: విండో దాకా హాయి, షేడర్ దగ్గరే అసలు పని

విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ ఒకే కోడ్‌తో బొమ్మ గీయాలి, కుదిరితే ఆండ్రాయిడ్‌లోనూ నడవాలి అనుకునేవాళ్లకి ఎస్‌డీఎల్ (సింపుల్ డైరెక్ట్‌మీడియా లేయర్ అనే ఉచిత లైబ్రరీ) పేరు కొత్త కాదు. 1998లో శామ్ లాంటింగా మొదలుపెట్టారు, 2013లో రెండో తరం వచ్చింది, 2025 జనవరిలో మూడో తరం మొదటి స్టేబుల్ వెర్షన్ 3.2 వచ్చింది. నేను సొంతంగా ఒక చిన్న గ్రాఫిక్స్ లైబ్రరీ రాసుకుంటూ దాని కింద పునాదిగా దీన్ని వాడుతున్నాను, కాబట్టి గేములు రాసేవాళ్ల సంగతి పక్కన పెట్టి లైబ్రరీ రాసేవాళ్లకి పనికొచ్చే మాటలే చెప్తా.

ముందు మంచి. విండో తెరవడం, కీబోర్డ్, మౌస్, గేమ్‌ప్యాడ్, రెండో మానిటర్ పెట్టినప్పుడు ఏమవుతుంది లాంటి తలనొప్పులన్నీ ఇది మోస్తుంది. విండోస్‌లో విన్32, మ్యాక్‌లో కోకో, లినక్స్‌లో ఎక్స్11, వేలాండ్, ఇలా విండోలు తెరిచే పద్ధతులు నాలుగిటికీ కోడ్ మనమే రాసుకుందాం అని కూర్చుంటే, మొదటి గీత గీసే సమయానికి ఉత్సాహం కాస్తా ఆవిరైపోతుంది. లైసెన్స్ కూడా జీలిబ్, అంటే మన లైబ్రరీలో కలిపేసుకున్నా పేచీ లేదు (పాత 1.2 ఎల్‌జీపీఎల్ కింద ఉండేది, అప్పట్లో స్టాటిక్‌గా లింక్ చేయాలంటే, అంటే మన ప్రోగ్రామ్ ఫైల్లోనే కలిపేయాలంటే, కొంచెం ఆలోచించాల్సొచ్చేది). మెయిన్ లూప్ (ప్రోగ్రామ్ ముగిసేదాకా తిరుగుతూ ఉండే లూప్) మన చేతిలో లేని బ్రౌజర్, ఐఫోన్ లాంటి చోట్ల కోసం ఈసారి కాల్‌బ్యాక్ పద్ధతి పెట్టారు. మొదలు, ఫ్రేమ్, ఈవెంట్, ముగింపు అని నాలుగు ఫంక్షన్లు రాసిస్తే మిగతాది అదే పిలుచుకుంటుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

పిక్సెల్ ఫార్మాట్ల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఆర్‌జీబీఏ8888 (రెడ్, గ్రీన్, బ్లూ, పారదర్శకత చెప్పే ఆల్ఫా, ఒక్కోదానికి 8 బిట్లు) అనే పేరు చూసి మెమరీలో బైట్లు కూడా అదే వరసలో ఉంటాయనుకుంటాం, కానీ అది 32 బిట్ల సంఖ్యలోని వరస. ఇప్పుడు మనం వాడే ఇంటెల్, ఆర్మ్ మెషీన్లు దాదాపు అన్నీ లిటిల్ ఎండియన్ (సంఖ్యలో చివరి బైట్‌ని మెమరీలో ముందు పెట్టేవి) కాబట్టి మెమరీలో అది తిరగబడి ఏ, బీ, జీ, ఆర్ అవుతుంది. పీఎన్‌జీ నుంచి చదివిన బైట్లని యథాతథంగా అందులో పోస్తే ఆల్ఫా 255 వెళ్లి రెడ్ స్థానంలో కూర్చుంటుంది, బొమ్మంతా ఎర్రబడుతుంది. బైట్ల వరసే కావాలంటే ఆర్‌జీబీఏ32 వాడాలి, అది మెషీన్‌ని బట్టి సరైనదాన్ని ఎంచుకుంటుంది. పేర్లు ఇంత దగ్గర దగ్గరగా ఎందుకు పెట్టారో!

ఇక మూడో తరంలో అందరూ చెప్పుకునే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) భాగం. గ్రాఫిక్స్ చిప్‌తో పని చేయించుకునే ఏపీఐలు వల్కన్, డైరెక్ట్3డీ 12, మెటల్ మూడింటికీ ఒకే ఇంటర్‌ఫేస్. అలాంటిదే అయిన పాత ఏపీఐ ఓపెన్‌జీఎల్‌ని ఆపిల్ 2018లోనే డెప్రికేట్ చేసేసింది (ఇక వాడొద్దని చెప్పేసింది) కాబట్టి ఇలాంటిది రావాల్సిందే, డిజైన్ కూడా శుభ్రంగా ఉంది. నిలువు అక్షం పైకా కిందికా అనే తేడా మూడు ఏపీఐల మధ్యా ఉన్నా, ఇది ఒకే పద్ధతికి తెచ్చి ఇస్తుంది. కానీ షేడర్లు (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) మాత్రం మన నెత్తినే. వల్కన్‌కి స్పిర్‌వీ, డైరెక్ట్3డీకి డీఎక్స్‌ఐఎల్, మెటల్‌కి ఎంఎస్‌ఎల్, ఇలా ఏ ఫార్మాట్‌కి ఆ ఫార్మాట్ తయారుచేసి ఇవ్వాలి. షేడర్‌క్రాస్ అని విడిగా ఒక లైబ్రరీ ఉంది, హెచ్‌ఎల్‌ఎస్‌ఎల్ అనే షేడర్ భాషలో ఒకసారి రాస్తే మూడింటికీ మార్చిపెడుతుంది, అది వాడకుండా ముందుకెళ్లడం అనవసర శ్రమ. స్పిర్‌వీలో సెట్ నంబర్లు (షేడర్‌కి ఇచ్చే డేటా ఏ గుంపులో ఉందో చెప్పేవి) కూడా ఎస్‌డీఎల్ చెప్పినట్టే ఉండాలి: మూలబిందువుల్ని చూసుకునే వెర్టెక్స్ షేడర్‌కి టెక్స్చర్లు (బొమ్మలు) 0లో, యూనిఫామ్‌లు (మనం పంపే విలువలు) 1లో, రంగులు చూసుకునే ఫ్రాగ్మెంట్ షేడర్‌కి అవే 2, 3లో. ఒక్క నంబర్ తేడా వచ్చినా ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చోవాల్సి రావచ్చు, కాబట్టి డివైస్ తెరిచేటప్పుడే డీబగ్ మోడ్ ఆన్ చేసుకోండి. రే ట్రేసింగ్, మెష్ షేడర్లు ఇందులో లేవు. ఓపెన్‌జీఎల్ బ్యాకెండ్ కూడా లేదు, అంటే పాత మెషీన్లకి ఈ జీపీయూ దారి మూసేసినట్టే. వాటికి పాత 2డీ రెండరర్ ఉంది, ఏ డ్రైవరూ లేకపోయినా సీపీయూ మీద గీసిపెడుతుంది.

అక్షరాల సంగతి: డీబగ్ టెక్స్ట్ అని కొత్తగా పెట్టిన ఫంక్షన్ 8×8 ఇంగ్లిష్ అక్షరాలకే పరిమితం. తెలుగు వత్తులు సరిగ్గా కూర్చోవాలంటే హార్ఫ్‌బజ్ (అక్షరాల్ని సరిగ్గా పేర్చే లైబ్రరీ) కలిపి బిల్డ్ చేసిన ఎస్‌డీఎల్ టీటీఎఫ్ (ఫాంట్లతో రాసే తోడు లైబ్రరీ) వాడుకోవాలి.

రెండో తరం నుంచి మారేవాళ్లకి ఒక హెచ్చరిక. పేర్లు మార్చడానికి స్క్రిప్టులు ఇచ్చారు, బాగానే పనిచేస్తాయి. కానీ ఇంతకుముందు తప్పు జరిగితే సున్నా కంటే తక్కువ విలువ తిరిగొచ్చే చాలా ఫంక్షన్లు ఇప్పుడు ట్రూ, ఫాల్స్ ఇస్తున్నాయి. పాత "< 0" చెక్ అలాగే ఉంటే కంపైలర్ ఆపదు, మహా అయితే ఒక వార్నింగ్ ఇస్తుంది, ఎర్రర్ మాత్రం ఇక ఎప్పటికీ పట్టుబడదు. అంత ఓపిక లేకపోతే ఎస్‌డీఎల్2-కంపాట్ ఉంది, పాత ప్రోగ్రామ్‌ని ముట్టుకోకుండానే కొత్తదాని మీద నడిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం నేరుగా మూడుతోనే మొదలుపెట్టండి.