రాణిగంజ్ కొట్లో పోస్ట్‌ఫిక్స్, ఆరేళ్ల తర్వాత

పంపులు, వాల్వులు అమ్మే సంస్థలో కంప్యూటర్ల పని నాది. 22 మెయిల్ ఖాతాలు. ఖాతాకింత అని నెలనెలా కట్టడం సేట్‌కి ఇష్టం లేక ఆరేళ్ల కిందట సొంత మెయిల్ సర్వర్ పెట్టాం: మెయిళ్లు పంపడానికి, అందుకోవడానికి పోస్ట్‌ఫిక్స్, వచ్చినవి చూసుకోవడానికి డవ్‌కాట్. ఇన్నేళ్లలో సర్వర్ దానంతటది మొరాయించిన రోజు గుర్తు లేదు. కానీ రెండుసార్లు మేం బ్లాక్‌లిస్టులో (ఫలానా చోటి నుంచి మెయిల్ తీసుకోవద్దని చెప్పే జాబితా) పడ్డాం, ఒకసారి ఊరందరినీ మేమే బ్లాక్‌లిస్టులో వేశాం. మూడింటిలోనూ తప్పు మాదే.

మొదటిది నా తెలివితక్కువతనం. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ మీదే సర్వర్ నడిపాను. ఆ ఐపీ (ఇంటర్నెట్‌లో మా కనెక్షన్ నంబర్) ఇలాంటి జాబితాలు నడిపే స్పామ్‌హాస్ అనే సంస్థ పీబీఎల్‌లో ముందునుంచే ఉంది. అది దొంగల జాబితా కాదు. ఇలాంటి కనెక్షన్ల నుంచి మెయిల్ నేరుగా బయటికి రాకూడదని పెట్టిన జాబితా. అద్దె సర్వర్‌కి మారి, ఐపీ ఏ పేరుదో చెప్పే పీటీఆర్ రికార్డు పెట్టించాక ఆ గోల పోయింది. పీటీఆర్ డొమైన్ కొన్నచోట మారదు, ఐపీ ఇచ్చినవాళ్లే మార్చాలి. అది తెలియక రెండు రోజులు పోగొట్టుకున్నాను.

రెండోది లష్కర్ బోనాలప్పుడు. ఆది, సోమ సెలవు. మంగళవారం కొట్టు తెరిచీ తెరవకముందే సేట్: "ఏం భాయ్, పార్టీ పొద్దుగాల నుంచి ఫోన్ చేస్తుండు, కొటేషన్ రాలేదంట." బయటికి పోవాల్సిన మెయిళ్లు చూపే మెయిల్‌క్యూ కమాండ్ కొట్టి చూస్తే 38 వేల మెయిళ్లు వరుసలో ఉన్నాయి. కంగారులో నేరుగా స్పామ్‌హాస్ సైట్‌కెళ్లి మా ఐపీని జాబితాలోంచి తీసేయమని అడిగాను. పైసా తీసుకోలేదు, తీసేశారు. సాయంత్రానికి మళ్లీ ఎక్కించారు. ఎక్కించరా మరి, ఇక్కడ స్పామ్ ఇంకా పోతూనే ఉంది!

అప్పుడు తెరిచాను లాగ్, సర్వర్ చేసిన పనులన్నీ రాసుండే ఫైల్. చేయాల్సిన మొదటి పని అది. ఏ ఖాతాతో లాగిన్ అయి పంపారో పోస్ట్‌ఫిక్స్ ప్రతి మెయిల్‌కీ రాసిపెడుతుంది. వేల వరుసల్లో ఒకటే పేరు: లెక్కల సెక్షన్. పాస్‌వర్డ్ మా సంస్థ పేరు, పక్కన 123. అది మార్చినంత మాత్రాన వరుసలో ఉన్నవి ఆగవు. ఆ ఖాతావన్నీ వరుసలోంచి పోస్ట్‌సూపర్ కమాండ్‌తో తుడిచేశాకే మళ్లీ స్పామ్‌హాస్‌ని అడిగాను. ఈసారి నిలబడింది.

పోస్ట్‌ఫిక్స్ మీద నా అసలు ఫిర్యాదు ఇక్కడే. ఒక ఐపీ నుంచి ఎన్ని మెయిళ్లు రావచ్చో హద్దు పెట్టుకోవచ్చు గానీ, ఒక ఖాతాకి గంటకిన్ని అని హద్దు పెట్టే ఏర్పాటు అందులో లేదు. దొంగలేమో పదుల ఐపీల నుంచి వస్తారు. మెయిల్‌ని పోనివ్వాలో ఆపాలో పోస్ట్‌ఫిక్స్‌కి చెప్పే పాలసీ సర్వర్ విడిగా తగిలించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఖాతాకి గంటకి 60, అంతే. మొదటి రోజే పెట్టుకోవాల్సింది.

మూడోది తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ రోజు రాలేదు. వచ్చే స్పామ్‌ని ఆపడానికి పంపేవాళ్ల ఐపీ స్పామ్‌హాస్ జెన్ లిస్టులో (వాళ్ల ఐపీ జాబితాలన్నీ కలిపినది) ఉందేమో అడగమని పెట్టాను. ఆ అడగడం డీఎన్ఎస్ (పేరుకి నంబర్ చెప్పే వ్యవస్థ) ద్వారా జరుగుతుంది. సర్వర్‌లో దానికి గూగుల్ అందరికీ ఇచ్చే 8.8.8.8 ఉంది. అలాంటి ఉమ్మడి రిజాల్వర్ల (డీఎన్ఎస్ జవాబులు తెచ్చిపెట్టే సర్వర్ల) నుంచి అడిగితే స్పామ్‌హాస్ 127.255.255.254 అని జవాబిస్తుంది. "ఇలా అడిగితే చెప్పం" అని దానర్థం. నా సెట్టింగేమో ఏ జవాబొచ్చినా "స్పామర్" అనుకుంది. పూటంతా ఒక్క మెయిల్ లోపలికి రాలేదు. సర్వర్‌లోనే అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ పెట్టుకుని, "జాబితాలో ఉంది" అని చెప్పే 127.0.0.2 నుంచి 127.0.0.11 దాకా జవాబులనే నమ్మమన్నాను.

ఈ మూడూ కాక, డబ్బు కడితే వెంటనే తీసేస్తామనే లిస్టూ ఒకటి తగిలింది, పక్క ఐపీలవాళ్ల పాపానికి మమ్మల్నీ కలిపి. కట్టలేదు. కొన్నాళ్లకి దానంతటదే పోయింది. దాని వల్ల మెయిల్ వెనక్కి కొట్టిన కస్టమర్ ఒక్కరూ లేరు.

మెయిల్ నిజంగా మా డొమైన్ నుంచే వచ్చిందని అవతలివాళ్లు సరిచూసుకునే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టాను. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ రోజుకి 5,000 పైన పంపేవాళ్లని, యాహూ పెద్దఎత్తున పంపేవాళ్లని మూడూ అడుగుతున్నాయి. మేం 300 దాటం, అయినా పెట్టాకే కొటేషన్లు స్పామ్ ఫోల్డర్‌లో పడటం తగ్గింది.

రోజూ లాగ్ చూసే మనిషి లేని ఆఫీసుకి నేనిది చెప్పను, ఖాతాకింత కట్టుకోవడమే మేలు. మేం మాత్రం మారట్లేదు. లెక్కల సెక్షన్ అన్నతో మొన్న పాస్‌వర్డ్ మళ్లీ మార్పించాను. కొత్తది చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నాడు.