ఆడుతూనే అసిస్టెంటా, బూట్లు విప్పేసి అసిస్టెంటా: ఏది మేలు?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ప్రీమియర్ లీగ్ నుంచి లీగ్ టూ దాకా నాలుగు అంచెల్లో 92 క్లబ్బులున్నాయి. వాటి కిందిదంతా నాన్-లీగ్. పేరు చూసి అక్కడ లీగే లేదనుకోకండి. ఐదో అంచె నేషనల్ లీగ్, ఆరో అంచెలో దాని నార్త్, సౌత్ విభాగాలు, ఆ కింద ఇంకా బోలెడు. ఆరో అంచె నుంచి కిందికి వెళితే ఎక్కువ మంది పగలు వేరే ఉద్యోగం చేసుకుని, వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీసుకు వచ్చేవాళ్లే. పదిహేనేళ్లు అలా ఆడిన డిఫెండర్‌ను ముప్పై ఆరు, ముప్పై ఏడేళ్ల వయసులో జట్టును నడిపే మేనేజర్ పక్కకు పిలిచి, నాకు అసిస్టెంటుగా ఉంటావా అని అడుగుతాడు. అప్పుడు ఏం చేయాలి?

ఆడుతూనే ఆ పని కూడా చూడటం మొదటి దారి. క్లబ్బుకు ఇది బంగారం, ఒక జీతంతో రెండు పనులు జరిగిపోతాయి. అతనికీ లాభమే. మ్యాచ్ డబ్బులు ఆగవు, ఈలోగా కోచింగ్‌కు పనికొచ్చే యూఈఎఫ్ఏ బి లైసెన్స్ కోర్సు పూర్తి చేసుకోవచ్చు. పైగా గీత అవతల నిలబడి అరిచేవాడికి కనిపించనివి మైదానం మధ్యలో ఉన్నవాడికి కనిపిస్తాయి.

నాకు మాత్రం ఈ దారి మీద పెద్దగా నమ్మకం లేదు. ఎందుకో చెబుతాను. మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ రూమ్ గోడకు ఒక కాగితం అంటిస్తారు. అవతలి జట్టుకు కార్నర్ (మైదానం మూల నుంచి కొట్టే కిక్) వస్తే ఎవరు ఎవరిని కాయాలో అందులో ఉంటుంది. చాలా చోట్ల అది రాసేది అసిస్టెంటే. అవతల ఆరడుగుల నాలుగంగుళాల స్ట్రైకర్ ఉన్నాడనుకుందాం. అలాంటివాడి ఎదురుగా ఇన్నేళ్లూ మనవాడి పేరే ఉండేది. ఇప్పుడు మోకాలు సహకరించడం లేదు. బెంచి మీద ఇరవై రెండేళ్ల కుర్రాడున్నాడు, బాగా ఎగురుతాడు. పెన్ను చేతిలో ఉన్నవాడు తన పేరు తానే కొట్టేసుకుంటాడా? కొట్టేయకపోతే ఆ కాగితాన్ని కుర్రాడు కూడా చదువుతాడు. మామూలుగా జట్టులో చోటు దక్కనివాడు తన గోడు మేనేజర్‌కు చెప్పుకోడు, అసిస్టెంటు దగ్గరికే వెళతాడు. ఆ చోటు పట్టుకుని కూర్చున్నది అసిస్టెంటే అయితే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

ఆట మానేసి అసిస్టెంటు పని మాత్రమే చూడటం రెండో దారి. అలా బూట్లు విప్పేసినవాడికి ఈ ఇరకాటం లేదు. డానీ, నికీ కౌలీ అన్నదమ్ములను చూడండి. ఇద్దరూ ఎసెక్స్‌లో వ్యాయామ ఉపాధ్యాయులుగా ఉండేవారు. (హైదరాబాద్ వాళ్లకు ఇది వింత కాదు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన జట్టుకు స్వర్ణాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా బడిపంతులే.) 2016లో డానీ మేనేజర్‌గా, నికీ అసిస్టెంటుగా లింకన్ సిటీకి వచ్చారు, బడి ఉద్యోగాలు వదిలేశారు. 2017 ఫిబ్రవరిలో ఐదో అంచెలో ఉన్న ఆ జట్టు, పై అంచెలవీ కింది అంచెలవీ కలిసి ఆడే నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్‌లో, ప్రీమియర్ లీగ్ జట్టు బర్న్‌లీని వాళ్ల సొంత మైదానంలో 1-0తో ఓడించింది. 89వ నిమిషంలో షాన్ రాగెట్ తలతో కొట్టిన ఆ గోల్ కార్నర్ నుంచే వచ్చింది. 1914 తర్వాత నాన్-లీగ్ జట్టు క్వార్టర్ ఫైనల్ చేరడం అదే మొదటిసారి. అదే సీజన్‌లో నేషనల్ లీగ్ కూడా గెలిచారు.

అయితే ఈ దారిలో ఒక చేదు ఉంది. మేనేజర్ కుర్చీ కదిలితే అసిస్టెంటు కుర్చీ కూడా కదులుతుంది. 2023 జనవరిలో, అప్పటికి వాళ్లు పనిచేస్తున్న పోర్ట్స్‌మత్ క్లబ్బు డానీని సాగనంపినప్పుడు నికీ కూడా వెళ్లిపోవలసి వచ్చింది. తప్పొప్పులతో పనిలేదు, జంటగా వచ్చినవాళ్లు జంటగానే పోతారు. ఆడుతూ అసిస్టెంటైనవాడికి కనీసం ఆటగాడి ఒప్పందమైనా మిగులుతుంది.

నేరుగా మేనేజర్ అయిపోవడం మూడో దారి. డానీ కౌలీ ముప్పై నిండకుండానే 2007లో కాన్వీ ద్వీపంలోని కాంకర్డ్ రేంజర్స్ బాధ్యత తీసుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. అందరూ డానీ కౌలీలు కారు. తొందర లేకపోతే రెండో దారే అక్కడికీ చేరుస్తుంది. వెల్డ్‌స్టోన్ అనే నాన్-లీగ్ క్లబ్బులో అసిస్టెంటుగా ఉన్న స్టువర్ట్ మేనార్డ్ 2021లో అక్కడే మేనేజర్ అయ్యాడు, 2024 జనవరిలో అప్పుడు లీగ్ టూలో ఉన్న నాట్స్ కౌంటీ పిలిచింది.

కాబట్టి నా ఓటు బూట్లు విప్పేసే దారికే. క్లబ్బు దగ్గర ఇద్దరికి ఇచ్చే డబ్బు లేకపోతే రెండు పనులూ చేయమనండి, కానీ ఒక్క సీజనే. అది కూడా గడువు ముందే చెప్పి, కార్నర్ కాగితం మేనేజర్ చేతికి ఇచ్చేసి.

గోల్‌కీపర్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. పాల్ బాస్టాక్ 2017లో 47 ఏళ్ల వయసులో విస్‌బెచ్ టౌన్ తరఫున తన 1,250వ క్లబ్ మ్యాచ్ ఆడి, ఇంగ్లండ్ మాజీ గోల్‌కీపర్ పీటర్ షిల్టన్ క్లబ్ మ్యాచ్‌ల లెక్కను దాటేశాడు. అన్నట్టు, ఆ కాగితంలో గోల్‌కీపర్ ఎదురుగా ఎవరి పేరూ ఉండదు.