అడుగు చూసి కొనాల్సిన వస్తువు: స్టీలు కాఫీ ఫిల్టరు

చూడ్డానికి రెండు గిన్నెలు, కాడ ఉన్న ఒక చిల్లుల బిళ్ల, ఒక మూత. కరెంటు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, అరిగిపోయే రబ్బరు వాషరు లేదు. అయినా కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండా దాన్ని అటకెక్కించి మళ్లీ ఇన్‌స్టంట్ సీసా మూత తీస్తారు. ఫిర్యాదులు రెండే రెండు. డికాషన్ నీళ్లలా దిగింది, లేదా అసలు దిగనే లేదు. మొదటిదానికి ఎక్కువసార్లు ఫిల్టరు సైజు కారణం, రెండోదానికి పొడి. వస్తువులో లోపం ఉండేది తక్కువ.

సైజు సంగతి ముందు. ఇద్దరు తాగే ఇంటికి "చుట్టాలొస్తే పనికొస్తుంది" అని ఆరు కప్పుల ఫిల్టరు కొనడం మన అలవాటు. పొయ్యి మీది గిన్నెకి ఆ లెక్క చెల్లుతుంది, ఫిల్టరుకి చెల్లదు. ఇక్కడ నీళ్లని ఆపి ఉంచేది పొడి మందమే. 6 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పై గిన్నెలో 24 గ్రాముల పొడి వేస్తే దాదాపు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. అదే పొడి 9 సెంటీమీటర్ల గిన్నెలో ఒక సెంటీమీటరు పరుచుకుని ఊరుకుంటుంది. ఆ పలచటి పొరలోంచి వేడినీళ్లు నాలుగైదు నిమిషాల్లో జారిపోతాయి, సారం పొడిలోనే మిగిలిపోతుంది. అందుకని రోజువారీ మీరు తాగే కప్పులకి సరిపోయే ఫిల్టరే కొనాలి. దుకాణాల్లో వినిపించే "రెండు కప్పులు, నాలుగు కప్పులు" అన్న లెక్క కంపెనీకొక రకంగా ఉంటుంది. ఆ మాట పక్కన పెట్టి పై గిన్నె అడుగు వెడల్పు చూడండి. ఇద్దరికి 6 నుంచి 6.5 సెంటీమీటర్లు చాలు.

తర్వాత చిల్లులు. దుకాణంలో నీళ్లు పోసి చూడనివ్వరు కాబట్టి పై గిన్నెని వెలుతురుకెత్తి చూడాలి. అన్ని చిల్లులూ ఒకే పరిమాణంలో, అడుగంతా పరుచుకుని ఉండాలి. గుండుసూది మొన దూరేంత ఉంటే మంచిది, అగ్గిపుల్ల దూరేలా ఉంటే పొడి కిందికి రాలుతుంది. చౌక రకాల్లో మధ్యలో నాలుగు వరసలే ఉండి, అంచున చుట్టూ ఖాళీ ఉంటుంది. ఆ అంచున ఉన్న పొడి తడుస్తుందే తప్ప దానిలోంచి నీళ్లు దిగవు. లోపలి వైపు వేలితో రాసి చూసినప్పుడు గరుకు తగిలితే చిల్లులు కొట్టాక నునుపు చేయలేదన్నమాట. అక్కడే మడ్డి పేరుకుంటుంది.

పై గిన్నె కింది గిన్నెలో ఎలా కూర్చుంటుందో కూడా ముఖ్యమే. పెట్టి తిప్పితే సులువుగా తిరగాలి, కానీ లటలటా ఊగకూడదు. మరీ బిగుతుగా ఉంటే కింది గిన్నెలో గాలి బయటికి పోయే దారి ఉండదు, చుక్క పడటం ఆగిపోతుంది. మూత రెండు గిన్నెలకీ పట్టేలా ఉంటే డికాషన్ దిగాక పై గిన్నె తీసేసి కిందిదాని మీద మూత పెట్టుకోవచ్చు. చిన్న విషయమే గానీ రోజూ పనికొస్తుంది.

ఇత్తడి ఫిల్టరు అందంగా ఉంటుంది, గోడ మందం కాబట్టి వేడి కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. రుచిలో తేడా వస్తుందని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ తేడా చాలావరకు ఆ నిలిచిన వేడిది. లోపల తగరం కళాయి ఉండి తీరాలి, అది అరిగినప్పుడల్లా మళ్లీ వేయించాలి. మీ ఊళ్లో కళాయి వేసేవాళ్లు ఇంకా దొరుకుతుంటే కొనండి. లేకపోతే స్టీలుదే కొని, పోసేముందు మరిగే నీళ్లతో రెండు గిన్నెలూ తొలపండి. చాలావరకు అదే ఫలితం.

ఇక పొడి. చికోరి అంటే కల్తీ అనుకునేవాళ్లు ఒకవైపు, చికోరి లేనిదే కాఫీ కాదనేవాళ్లు ఇంకోవైపు. అది ఎండబెట్టి వేయించిన ఒక వేరు, కెఫీన్ ఉండదు. నీళ్లు తగలగానే ఉబ్బి, వాటిని పట్టి నెమ్మదిగా వదులుతుంది. డికాషన్‌కి రంగూ చిక్కదనమూ ఇస్తుంది. పాలలో కాఫీ రుచి తేలిపోకుండా నిలబడేది కొంత దానివల్లే. మన దేశపు నిబంధన ప్రకారం కాఫీ-చికోరి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంతుందో ప్యాకెట్ మీద అచ్చు వేయాలి. ఆ అంకె చదవకుండా కొనకండి. పాలతో తాగేవాళ్లకి 80:20 (కాఫీ 80, చికోరి 20) మంచి మొదలు. 85:15 ఇంకా శుభ్రమైన రుచి. చికోరి 40 శాతం దాటితే నోట్లో మిగిలేది తీపి కలిసిన మాడు వాసనే, దాన్ని స్ట్రాంగ్ కాఫీ అనుకోవడం పొరపాటు. గింజల్లో అరబికా రకంలోని "ప్లాంటేషన్ ఎ" (పెద్ద గింజల గ్రేడు) గానీ పీబెర్రీ (కాయలో ఒక్కటే ఉండే గుండ్రటి గింజ) గానీ తీసుకుని, అందులో నాలుగో వంతు రోబస్టా అనే ఘాటు రకం కలిపించుకుంటే పాలకి తట్టుకునే ఘాటు వస్తుంది.

అరకు కాఫీ గురించి ఒక మాట. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకి మిరియాల తీగలు పాకించి గిరిజన రైతులు పండించే పంట. చికోరి లేకుండా దొరికే అరకు పొడిని ఈ ఫిల్టరులో మామూలు కొలతతో వేసి, గ్లాసుడు పాలు పోసి "ఏముందిందులో" అనడం అన్యాయం. చికోరి లేదు కాబట్టి నీళ్లు త్వరగా దిగుతాయి. పొడి ఒక మెట్టు మెత్తగా పట్టించుకోవాలి, కొలత ఐదో వంతు పెంచాలి, పాలు తగ్గించాలి. అసలు దాని రుచి తెలియాలంటే డికాషన్‌లో రెండింతలు వేడినీళ్లు కలిపి పాలు లేకుండా ఒకసారి తాగి చూడాలి.

పట్టించేటప్పుడు "ఫిల్టరుకి" అని చెప్పాలి. వేళ్ల మధ్య నలిపితే సన్నని ఇసకలా తగలాలి. గోధుమపిండిలా ఉంటే చిల్లులు మూసుకుపోతాయి, బొంబాయి రవ్వలా ఉంటే నీళ్లు జారిపోతాయి. ఇంట్లో మిక్సీ పడితే సగం పిండి, సగం పలుకు. తప్పనిసరైతే మూడు నాలుగు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి, మిక్సీ జార్ వేడెక్కనివ్వకండి. రెండు వారాలకి సరిపడా మాత్రమే కొని, గాలి చొరని డబ్బాలో పెట్టండి. రోజూ తీసే డబ్బాని ఫ్రిజ్‌లో పెడితే తీసిన ప్రతిసారీ చెమ్మ పట్టి పొడి గడ్డకడుతుంది.

చిన్న ఫిల్టరుకి కొలత ఇది: 24 గ్రాముల పొడి, 120 మిల్లీలీటర్ల నీళ్లు. త్రాసు లేకపోతే దాదాపు ఐదు టేబుల్ స్పూన్లు, తలకొట్టి. పొడి వేసి గిన్నె పక్కన రెండుసార్లు తట్టి చదును చేయండి. బిళ్ల దాని మీద ఆన్చండి, నొక్కకండి. చాలామంది చేసే తప్పు ఇదే. ఆ బిళ్ల ఉన్నది పొడిని అదమడానికి కాదు, పైనుంచి పడే నీటిధార పొడిలో గుంట తవ్వకుండా ఆపడానికి. నీళ్లు తెర్లి, పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగి, మొదట 30 మిల్లీలీటర్లు చుట్టూ తిప్పుతూ పోయండి. అర నిమిషం ఆగితే పొడి ఉబ్బుతుంది. తర్వాత మిగతా 90 పోసి మూత పెట్టి వదిలేయండి. పదిహేను నుంచి ఇరవై ఐదు నిమిషాల్లో 65-70 మిల్లీలీటర్లు దిగుతుంది. మిగతాది పొడి తాగేస్తుంది, అది నష్టం కాదు. చక్కెర వేసి నీళ్లు పోసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. దిగుడు నెమ్మదిస్తుంది నిజమే, కానీ సరైన పొడికి ఆ సాయం అక్కర్లేదు.

ఒక్కోసారి నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది. వెంటనే బిళ్ల తీసి చెంచాతో కెలక్కండి, మెత్తటి పొడి కిందికి దిగి ఇంకా బిగుసుకుంటుంది. ముందు పై గిన్నెని ఒక్క అంగుళం పైకెత్తి మళ్లీ పెట్టండి. రెండు గిన్నెల సందులో తడి చేరి గాలిని బంధించి ఉంటే ఆ ఎత్తడంతో చుక్క మొదలవుతుంది. అప్పటికీ దిగకపోతే పొడి మరీ మెత్తన, లేదా చిల్లులు మూసుకున్నాయి. దిగాక రెండు గిన్నెలూ ఒకదాన్నొకటి పట్టేసి ఊడిరాకపోతే కింది గిన్నెని బయటినుంచి వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచితే అది వ్యాకోచించి వదులుతుంది. సుత్తి, పట్టకారు అవసరం లేదు, అంచు సొట్టపడితే ఫిల్టరు పని అయిపోయినట్టే.

నీళ్ల విషయంలో బోరు నీళ్ల ఊళ్లకి హెచ్చరిక. గట్టి నీళ్లలో కాఫీలోని చిరుపులుపు అణిగిపోయి రుచి మొద్దుబారుతుంది, చిల్లుల్లో తెల్లటి గార కడుతుంది. ఆర్‌ఓ మెషీను నీళ్లలోని లవణాలని మరీ తక్కువకి దించేస్తే చప్పదనం వస్తుంది. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 100 నుంచి 150 దగ్గర ఉన్న నీళ్లు బాగా పనిచేస్తాయి.

ఒక కాఫీకి 35 మిల్లీలీటర్ల డికాషన్, 110 మిల్లీలీటర్ల పాలు. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. నీళ్లు కలపని ఫుల్ క్రీమ్ పాలకీ ఈ డికాషన్‌కీ జోడీ కుదిరినట్టు వేరేదానితో కుదరదు. అమెరికాలో హోల్ మిల్క్ అని దొరికేది సుమారు 3.25 శాతమే, అంటే మన టోన్డ్ పాలకి దగ్గర. అక్కడ ఉండేవాళ్లు పాలు 90కి తగ్గించుకోవాలి. ఇండియన్ స్టోర్‌లో పొడి కొనేటప్పుడు ప్యాక్ చేసిన తేదీ కూడా చూసుకోవాలి. పాలు ఒక్క పొంగు రాగానే దించాలి. పొద్దున కాచిన పాలు సాయంత్రం మళ్లీ మళ్లీ మరిగిస్తే మీగడ వాసన కాఫీని మింగేస్తుంది. గ్లాసులో చక్కెర, దాని మీద డికాషన్, ఆ పైన పాలు. గ్లాసులోంచి డబరాలోకి మూడుసార్లు ఎత్తి పోస్తే చాలు. ఏడెనిమిదిసార్లు పోస్తే నురగ మిగులుతుంది, కాఫీ చల్లారుతుంది. డికాషన్‌ని మాత్రం పొయ్యి మీద పెట్టకండి. చల్లారిందనిపిస్తే గిన్నెని వేడినీళ్లలో ఉంచండి, మరిగించారా చేదూ వగరూ తప్ప ఇంకేమీ మిగలదు.

కడగడంలో సబ్బు కంటే వెంటనే కడగడం ముఖ్యం. నెలకోసారి పై గిన్నె అడుగుని పట్టకారుతో పట్టి మంట మీద అర నిమిషం చూపితే చిల్లుల్లోని మడ్డి కాలి రాలుతుంది. చల్లారాక బ్రష్‌తో రుద్దాలి. స్టీలు నీలంగా మారుతుంది, పాడవదు. ఇత్తడి ఫిల్టరుకి ఈ పని చేశారంటే కళాయి కరిగిపోతుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది మరి. తెల్లటి గారకి వెనిగర్ కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టడమే మందు.

ఐదు నిమిషాల్లో కాఫీ కావాలంటే మోకా పాట్ (పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే పాత్ర) నయం. చికోరి లేని పొడి వేయాలి, అల్యూమినియంది ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయదు. ఫ్రెంచ్ ప్రెస్ (పొడిని వేడినీళ్లలో నానబెట్టి జల్లెడతో కిందికి నొక్కే పాత్ర) పాలు లేని కాఫీకి బాగుంటుంది, పాలు పోస్తే తేలిపోతుంది. పాలతో చిక్కగా, ఇద్దరికి, రోజూ తాగేవాళ్లకి ఈ ఫిల్టరు పక్కన ఆ రెండూ నిలబడవు. రాత్రి పొడి వేసి ఉంచి పొద్దున లేవగానే నీళ్లు పోస్తే, పాలు కాగి మొహం కడుక్కునేలోపు డికాషన్ దిగుతుంది.

చుట్టాల సంగతి మిగిలింది కదా. పెద్ద ఫిల్టరు కొనే డబ్బులతో ఇంకో చిన్నది కొని పక్కన పెట్టుకోండి. నలుగురొస్తే రెండూ ఒకేసారి వేయండి.