ఊరి చిన్న బడిని ఉంచుకోవాలా, పక్కూరి బడిలో కలపాలా?

ఊరి ప్రాథమిక బడిలో 20 మంది, పక్కూళ్లో 45 మంది పిల్లలున్నారనుకుందాం.

నిధులు: కేంద్ర విద్యా పథకం సమగ్ర శిక్ష కింద స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. 30 మంది వరకు ఏడాదికి రూ.10,000, 31 నుంచి 100 వరకు రూ.25,000.
విడిగా ఉంటే రెండు బళ్లకూ కలిపి రూ.35,000.
కలిపితే 65 మందికీ రూ.25,000 మాత్రమే. విలీనంతో నిధులు పెరుగుతాయన్న మాట ఇక్కడ నిలవదు.

టీచర్లు: విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు.
విడిగా ఉంటే కాగితం మీద నలుగురు. కానీ చిన్న బడికి తరచూ ఒక్కరే మిగులుతారు. ఆయన శిక్షణకో సెలవుకో వెళితే ఆ రోజు చదువు ఆగినట్టే.
కలిపితే ఐదు తరగతులను ముగ్గురు పంచుకుంటారు. 1, 2 తరగతులకు విడిగా ఒకరిని కేటాయించవచ్చు. చదవడం, రాయడం పట్టుబడాల్సింది ఆ వయసులోనే. విలీనంలో అసలు లాభం ఇదే.

మధ్యాహ్న భోజనం వంటవాళ్లు: 25 మంది పిల్లల వరకు ఒకరు, 100 వరకు ఇద్దరు. కలిపితే ఒకరి ఉపాధి పోతుంది.

దూరం: 1 కి.మీ. దాటితే రవాణా భత్యం ఏడాదికి గరిష్ఠంగా రూ.6,000, అంటే పది నెలలకు నెలకు రూ.600. అది ఆలస్యమైతే ఆటో ఆగుతుంది, ముందు మానేసేది ఆరేళ్ల పిల్లలే.

మధ్యలో వాగో హైవేనో ఉంటే బడిని ఉంచుకుని రెండో టీచరు కోసం పట్టుబట్టండి. నడిచే దూరమై, ఏళ్లుగా ఒక్క టీచరే ఉంటే కలపడం మేలు. అంతకుముందే మూడో పోస్టు మంజూరు రాతపూర్వకంగా తీసుకోండి.